హాప్స్ తీగ గురించి నేను చెప్పిన తప్పుడు సలహాలు

సియాటిల్ పక్కన మా పెరట్లో ఎనిమిదేళ్లుగా హాప్స్ తీగ పెంచుతున్నాను. బీరుకి ఆ చేదూ ఆ వాసనా తెచ్చేది దీని పువ్వే. బీరు ఇంట్లోనే చేసుకునే స్నేహితులు దుంపముక్కలు పట్టుకెళ్లినప్పుడల్లా నాలుగు సలహాలు కూడా చెప్పి పంపేవాణ్ని. వాటిలో వెలుతురు గురించి చెప్పినవి దాదాపు అన్నీ తప్పు. నా మాట నమ్మి మా బావగారు రెండేళ్ల పంట పోగొట్టుకున్నారు. అందుకే ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటున్నాను.

"వెలుతురు ఎంత ఎక్కువైతే పువ్వు అంత ఎక్కువ."

మిగతా తప్పులన్నీ ఇందులోంచే పుట్టాయి. పగలు కనీసం ఆరెనిమిది గంటల నేరు ఎండ కావాలన్న మాట నిజమే. నీడలో తీగ బలహీనపడుతుంది. కానీ ఎండ దానికి తిండి మాత్రమే. ఎప్పుడు పూయాలో తేల్చేది రాత్రి ఎంత పొడుగుందన్న లెక్క. జూన్‌లో మాకు పగలు దాదాపు 16 గంటలు. అన్నాళ్లూ తీగ పైకి పాకడమే పనిగా పెట్టుకుంటుంది. పొద్దు తగ్గుముఖం పట్టాక పక్కకొమ్మలు వేసి పూతకి దిగుతుంది. పారిస్‌లో జూలియన్ టూర్న్వా అనే ఆయన జపాన్ హాప్స్ మీదా గంజాయి మొక్కల మీదా పనిచేసి, ముందస్తు పూతకి కారణం పగలు తగ్గడం కన్నా రాత్రి పెరగడమేనని వందేళ్ల కిందటే రాశాడు. 1914లో యుద్ధం ఆయన్ని పొట్టన పెట్టుకుంది. బతికుంటే ఈ సంగతి ఇంకెంత ముందుకి వెళ్లేదో అనిపిస్తుంది నాకు.

"పోర్చ్ లైటు దగ్గర పాకించండి, రాత్రి కూడా కాస్త వెలుగు తగులుతుంది."

దయచేసి ఈ పని చెయ్యకండి. నేను చేశాను. తెల్లవార్లూ వెలిగే లైటు పక్కనుంచి తాడు కట్టి, తీగని పందిరి మీదికి ఎక్కించాను. ఆగస్టు ఆఖర్న నిచ్చెన వేసుకుని చూస్తే, లైటుకి దూరంగా చీకట్లో ఉన్న కొసన బొటనవేలంత పచ్చటి గుత్తులు వేలాడుతున్నాయి. ఒకటి నలిపితే రేకుల మొదట్లోని పసుప్పచ్చ పొడి వేళ్లకి అంటుకుని, నారింజ తొక్కా పచ్చిగడ్డీ కలిసిన వాసన కొట్టింది. లైటు పక్కన మాత్రం అరచేయంత ఆకులు, ఒక్క గుత్తి లేదు. తీగ అదే, వేరు అదే. ఆకుకి తిండి వండుకోవడానికి సూర్యుడు కావాలి గానీ, రాత్రి లెక్క తప్పడానికి మామూలు బల్బు చాలు. వీధిదీపమైనా అంతే. నాటబోయే చోట ఒకసారి రాత్రి పదింటికి వెళ్లి నిలబడి చూడండి.

"ఎండలు దండిగా ఉండే ఊళ్లో ఇంకా బాగా పూస్తుంది."

టాంపాలో ఉండే మా బావగారికి చెప్పింది ఇదే. ఆయన తీగ ఏప్రిల్‌లో, నడుమెత్తు కూడా దాటకుండానే పూసేసింది. మొత్తం గుప్పెడు. "ఎరువు చాల్లేదేమో బావగారూ" అన్నాను. రెండో ఏడు ఎరువు పెంచారు. మళ్లీ గుప్పెడే. ఫ్లోరిడాలో ఎండకి కరువేముంది? కరువల్లా పగటి నిడివికే. టాంపాలో అతి పెద్ద పగలు కూడా 14 గంటలు నిండదు. అంటే తీగకి అక్కడ ఎప్పుడూ పూత కాలమే. పాకి బలపడేంత గడువు దొరకదు.

దీనికి మందు నాకు మా పలమనేరు వైపు ఎప్పుడో దొరకాల్సింది. అక్కడ చామంతి తోటల్లో రాత్రిళ్లు వరసగా బల్బులు వెలుగుతుంటాయి. మొక్క తొందరపడి పూయకుండా, ముందు గుబురుగా ఎదగాలని. చిన్నప్పుడు చూసి, పురుగులకేమో అనుకున్నాను. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు టాంపాకి దగ్గర్లోని పరిశోధన క్షేత్రంలో హాప్స్‌కి ఇదే పద్ధతి పెట్టారు. తీగ పైదాకా ఎక్కేవరకూ రాత్రి ఎల్‌ఈడీ దీపాలు, ఆ తర్వాత చీకటి. ఏడాదికి రెండు కోతలు తీస్తున్నారు. బావగారు ఈసారి ఫిబ్రవరి నుంచే టైమర్ పెట్టి, పగలూ దీపమూ కలిపి 16 గంటలు దాటేలా చూశారు. తీగ పన్నెండడుగుల తాడు కొసకి చేరిన రాత్రి ఫోన్ చేసి, "ఇక ఆర్పెయ్యనా?" అని అడిగారు. ఆర్పెయ్యమన్నాను.

నా దగ్గర దుంప పట్టుకెళ్లి లైటు పక్కన నాటినవాళ్లు ఇప్పుడు తీగని కదపకండి, లైటు ఆపండి చాలు. ఆపడం కుదరకపోతే, శీతాకాలంలో తీగ ఎండిపోయాక, కొత్త మొలకలు లేవకముందే దుంప తవ్వి ఇంటి వెనక చీకటి పక్కకి మార్చండి. పాత దుంప చితికిపోతే చెప్పండి, ఇంకో ముక్క నేనిస్తాను.