పసుపు మూత ట్యూబు ఆత్మకథ

కొండాపూర్‌లోని ఒక ల్యాబు ఫ్రిజ్‌లో, అడుగు అరలో నిలబడి ఉంది ఆ ట్యూబు. దాని పని ముగిసింది. మూడు రోజులుగా అటు చూసినవాళ్లు లేరు. గడువు తీరితే ఆటోక్లేవ్ వేడికి, ఎర్ర సంచికి పోవాల్సిందే. ఈలోగా తన కథ ఎవరైనా వినాలని దాని ఆరాటం.

పుట్టుక గురించి పెద్దగా చెప్పుకోదు. ప్లాస్టిక్ ఒళ్లు, లోపల కాస్త జెల్, అంతే. వంశం మాటెత్తితే మాత్రం పొంగిపోతుంది. 1979లో అమెరికాలోని బఫెలోలో మింగ్ చు వాంగ్ బృందం ప్రొస్టేట్ గ్రంథి నుంచి పీఎస్‌ఏ అనే ప్రొటీన్‌ను వేరుచేసింది. 1986లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ రక్తంలో ఆ ప్రొటీన్‌ను కొలిచే పరీక్షకు అనుమతిచ్చింది, అప్పటికే ప్రొస్టేట్ క్యాన్సర్ తేలినవాళ్లను కనిపెట్టుకుని ఉండటానికి. జబ్బును ముందే పట్టుకోవడానికి అనుమతి 1994లో వచ్చింది. అదీ డాక్టరు వేలితో చేసే పరీక్ష తోడుగా ఉంటేనే.

ఆ మొదటి పనే నేటికీ దాని గర్వం. ఆపరేషన్‌తో ప్రొస్టేట్ మొత్తం తీసేశాక పీఎస్‌ఏ దాదాపు కనిపించకూడదు. అది మళ్లీ 0.2 దాటి, రెండోసారీ అలాగే వస్తే జబ్బు తిరగబెడుతోందేమోనని డాక్టర్లు జాగ్రత్తపడతారు. ఒంట్లో ఏ నొప్పీ మొదలుకాకముందే ఆ కబురు చెప్పేది ఇలాంటి ట్యూబే.

మరి దాని బాధేమిటి?

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల చుట్టూ హెల్త్ చెకప్ ప్యాకేజీలు బాగా పెరిగాయి. వాటిలో కొన్నింట్లో ముప్పై ఏళ్ల కుర్రాడికీ పీఎస్‌ఏ, ఊరి నుంచి కొడుకు దగ్గరికొచ్చిన డెబ్బై అయిదేళ్ల నాన్నకూ పీఎస్‌ఏ. ఈ ట్యూబులోకి వచ్చింది అలాంటి ఒక నాన్న రక్తమే. ఒంటేలుకు వెళ్తే మంటగా ఉందని ఆ పెద్దాయన చెబుతూనే ఉన్నాడు. రక్తం తీసే అబ్బాయి తొందరలో ఉన్నాడు, కొడుకు మీటింగులో ఉన్నాడు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే పీఎస్‌ఏ పెరుగుతుంది, తగ్గాక ఆరు వారాలు ఆగి చూడాలి. వయసుతో ఉబ్బిన గ్రంథి కూడా పెంచుతుంది. ఆ ఉబ్బుకు వాడే ఫినాస్టెరైడ్ మాత్ర దాన్ని సగానికి తగ్గించి చూపిస్తుంది. ఇవేవీ ఎవరూ అడగలేదు.

సాయంత్రానికి ఫోనులో 8.4 అని రిపోర్టు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. "అంకె చెప్పమన్నారు, చెప్పాను. క్యాన్సరని నేనెప్పుడన్నాను?" అని ట్యూబు కుమిలిపోతోంది. దాని మాట నిజం. పీఎస్‌ఏ 4 నుంచి 10 మధ్య ఉన్నవాళ్లకు బయాప్సీ చేస్తే క్యాన్సర్ తేలేది సుమారు నలుగురిలో ఒకరికే.

తేలినా అన్నీ ప్రాణం తీసేవి కావు. బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అధ్యయనం, గ్రంథి దాటని క్యాన్సరున్న మగవాళ్లను పదిహేనేళ్లు గమనించింది. ఆపరేషన్ చేసినా, రేడియేషన్ ఇచ్చినా, కనిపెట్టుకుని ఉన్నా, ఆ జబ్బుతో పోయినవాళ్లు నూటికి సుమారు ముగ్గురే. ఆపరేషన్‌తో మూత్రం ఆగకపోవడం, దాంపత్యానికి ఇబ్బంది మాత్రం చాలామందికి మిగిలాయి. అలాగని పరీక్ష పనికిరానిదీ కాదు. ఐరోపాలో 23 ఏళ్లు సాగిన పెద్ద అధ్యయనంలో పరీక్షకు పిలిచిన ప్రతి 456 మందికి ఒక మరణం తప్పింది. ఆ ఒక్కరి ఇంట్లో అదే సర్వస్వం.

అందుకే దాని విన్నపం ఇది. తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బు వచ్చి ఉంటే నలభై అయిదు నుంచే యూరాలజిస్టుతో మాట్లాడండి. మూత్రంలో రక్తం పడితే, ఎముకల నొప్పి వదలకపోతే సిగ్గుపడి ఆగకండి. డెబ్బై దాటి ఏ ఇబ్బందీ లేని నాన్నకు ప్యాకేజీ కొనేముందు మాత్రం పీఎస్‌ఏ ఎందుకో డాక్టరును అడగండి. అంకె ఎక్కువొస్తే బయాప్సీకి పరుగెత్తకుండా, కొన్ని వారాలాగి ఇంకోసారి పరీక్ష చేయించండి.