టేస్టు మామ

మా బసంత్‌నగర్‌లో ఏ వస్తువు కొనాలన్నా కొనేవాడు ఒకడు, తోడు వచ్చేవాడు ఒకడు ఉంటారు. తోడు వచ్చేవాడు టేస్టు మామ. పుచ్చకాయ మీద వేలితో కొట్టి చెబుతాడు, చేప మొప్ప ఎత్తి చెబుతాడు, బియ్యపు గింజ పంటి కింద వేసుకుని చెబుతాడు. ఆ చెయ్యి ఎటైనా పోతుంది గానీ తన జేబులోకి మాత్రం పోదు. ఇట్లాంటి మామ లేని కాలనీ ఈ బొగ్గు బెల్టులో ఉండదు. గోదావరిఖనిలో అయితే రిటైరైన ఓవర్‌మన్ అయి ఉంటాడు. మా దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసి దిగినాయన.

ల్యాబులో ఆయన పని సిమెంటు గట్టిపడే టైము చూడటం. ముద్ద కలపాలి, వైకాట్ సూది దించాలి, 30 నిమిషాల లోపల బిగుసుకుందా, 600 నిమిషాలు దాటినా బిగుసుకోలేదా అని రాయాలి. రిటైరైనా సూది ఆయన చేతిలోంచి పోలేదు. ఎవరైనా పెళ్లి సంబంధం గురించి అడిగితే, "ఇనీషియల్ సెట్టింగు మంచిగనే ఉంది, ఫైనల్ చూడాలె" అంటాడు.

మొన్న సంక్రాంతికి హైదరాబాద్ నుంచి మా మేనల్లుడు వచ్చాడు. "మామా, వైట్ వైన్ కావాలె. జర తియ్యగ ఉండాలె, రేటు మరీ ఎక్కువ ఉండొద్దు" అన్నాడు. నాకు తెలిసిన తెల్లటి తీపి వస్తువు పాలకోవా ఒక్కటే. అందుకని టేస్టు మామను పిలిచాను. పిలవకపోయినా వచ్చేవాడే.

రాజీవ్ రహదారి పక్కన వైన్స్‌కు పోయాం. మన దగ్గర వైన్ ఉండేది బోర్డు మీదే. లోపల విస్కీ, బ్రాందీ, బీరు. అంత బహువచనంలో ఒక్క ఏకవచనం దొరకదు.

"వైట్ వైనా?" అని కౌంటరు పిల్లగాడు మమ్మల్ని కిందికీ మీదికీ చూసి, మూలకున్న సీసా తీసి అంగీ కొసతో దుమ్ము తుడిచాడు. నాసిక్ సరుకు. మావాడు ఫోనులో చదువుకుని వచ్చాడు కాబట్టి, "డ్రై వద్దు" అన్నాడు.

"డ్రై డే నాడు మేం బందే గద సార్!"

వైన్‌లో డ్రై అంటే తడి లేనిదని కాదు, తీపి లేనిదని మావాడు వివరించాడు. రీస్లింగ్, మోస్కాటో, షెనాన్ బ్లాంక్ అని ద్రాక్షల పేర్లన్నీ చెప్పాడు. మామ పేర్లు వినలేదు. కళ్లద్దాలు నొసటికి ఎక్కించి సీసా వెనక చిన్న అక్షరాలు చదివాడు.

"పన్నెండున్నర శాతం. అంటే చక్కెరంత మత్తు కింద మారింది. అదే ఎనిమిదో తొమ్మిదో ఉంటే జర తీపి మిగిలినట్టు. పులుసుడు మధ్యల ఆపితే తీపి, ఆపకుంటే డ్రై. గంతే గదా?"

మావాడు నోరు తెరిచాడు. నిజంగానే అంతే. తీపి వైన్ కోసం పేరు తెలియని సీసాల ముందు నిలబడ్డవాడికి ఇంతకన్నా పనికొచ్చే లెక్క ఇంకొకటి లేదు. వైన్ అనే వస్తువును నాలుకకు తగిలించుకోని మనిషికి ఇది ఎట్లా తెలిసిందంటారా? కల్లు తెలిసినవాడికి కొత్తగా తెలియాల్సింది ఏముంటుంది! ఆ తర్వాత మామ రేటు చూసి, సీసాను పసిపిల్లను పడుకోబెట్టినంత మెల్లగా కౌంటరు మీద పెట్టాడు.

"తెల్లగ, తియ్యగ, సస్తగ. పొద్దుగాల ఐదింటికి లెవ్వుండ్రి."

లేచాం. చలికాలం, ఈత కల్లు. మామ దారి పొడుగునా పాఠం చెప్పాడు. ఈత వేరు, తాడు వేరు. తాట్లో మళ్లా పోతుతాడు వేరు, పరుపుతాడు వేరు, పండుతాడు వేరు. చెట్టు రసంలో ఇంచుమించు నూటికి పది పాళ్లు చక్కెర. లొట్టిలో చుక్క పడ్డప్పటి నుంచే పులియటం మొదలు. రాత్రి చలికి అది నెమ్మదిస్తుంది కాబట్టి తెల్లారగట్ల దించింది తీపి, ఎండ తగిలిందా ఇక సెట్టింగే. మావాడు నెక్లెస్ రోడ్డు మీద 2023లో పెట్టిన నీరా కేఫ్‌లో తాగానని, అది ఎంతసేపైనా తీయగానే ఉంటుందని అన్నాడు. "సున్నం రాసిన లొట్టి, సల్లటి పెట్టె. గది కల్లు గాదు బిడ్డా, చదువుకున్న కల్లు" అన్నాడు మామ. ఒక్క విషయంలో మాత్రం ఆయనకు వేళాకోళం లేదు: చెట్టు కనబడని చోట కల్లు ముట్టడు. క్లోరల్ హైడ్రేటు, అల్ప్రాజోలం కలిపిన పొడి కల్లు మనుషుల్ని ఏం చేసిందో చూసినవాడు.

మండువ దగ్గర గౌడన్న అప్పుడే దిగి మోకు విప్పుతున్నాడు. మామ తాటాకు రేక పట్టాడు. మొదటి లొట్టి వాసన చూసి, నురుగు పక్కకు ఊది, తాగి, కళ్లు మూసుకున్నాడు. "తీపే. కానీ ఒంటరి తీపి. ఇంకోటి చూద్దాం." రెండోది రాత్రి పొద్దు పోయాక కట్టిందన్నాడు. మూడోది ముసలి చెట్టుది. నాలుగోదానికి రెండు రేకలు పట్టాడు, రిపీట్ టెస్టట. మావాడు ఖాళీ రేక పట్టుకుని వరుసలో ఉన్నాడు. సూర్యుడు ఫ్యాక్టరీ చిమ్నీ దాటి మీదికొచ్చాడు. ఐదో లొట్టి దగ్గర మామ చప్పరించి, తల అడ్డంగా ఊపాడు.

"సెట్టయిపోయింది. ఆలస్యం చేసిండ్రు."

"ఎవరు చేసిండ్రు?" అన్నాడు గౌడన్న. "మామా, నాలుగు లొట్ల పైసలు ఎవరిస్తరు?"

మామ తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు. "ముప్పై ఏండ్లు ల్యాబుల చేసిన. టెస్టింగ్ శాంపిల్‌కు బిల్లుంటదాయె?"

నేను జేబులో చెయ్యి పెట్టాను. మావాడు మిగిలిన పుల్ల కల్లు ఒక్క గుక్క తాగి, మొహం చిట్లించి, "డ్రై" అన్నాడు.