ఒక్కటి ఇవ్వండి, చాలు

గినీ పిగ్ ‘పిల్లలకు మొదటి పెంపుడు జంతువు’ అన్నది బ్రిటన్ ఇళ్లలో చాలాకాలంగా చెలామణిలో ఉన్న సిద్ధాంతం. ఇది చిన్నది, చవకైనది, మొరగదు, షికారుకు తీసుకెళ్లమని తలుపు దగ్గర నిలబడదు. కుక్కపిల్ల కావాలని మారాం చేసే ఎనిమిదేళ్ల పాపకు ముందు దీన్నిచ్చి చూస్తే బాధ్యత అలవడుతుందని, అలవడకపోయినా పోయేదేమీ లేదని పెద్దల లెక్క. పోయేది ఎవరికన్నది ఆ లెక్కలో ఉండదు.

సరిగ్గా చూసుకుంటే గినీ పిగ్ ఐదు నుంచి ఏడేళ్లు బతుకుతుంది. పాప ముచ్చట మాత్రం మూణ్ణాళ్లది. ఆ తర్వాత బోను కడిగేదీ, ఎండుగడ్డి మోసేదీ తల్లే. ఇంట్లో ఎవరికి బాధ్యత కొత్తగా నేర్పనక్కర్లేదో, సరిగ్గా వాళ్లకే మరికాస్త నేర్పడం ఈ పద్ధతి సాధించే ఫలితం.

తిండి సంగతి మరీ తమాషా. మనిషిలాగే గినీ పిగ్ కూడా తన ఒంట్లో విటమిన్ సి తయారు చేసుకోలేదు. 1907లో నార్వేలో ఆక్సెల్ హోల్స్ట్, థియోడోర్ ఫ్రోలిక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వీటికి ధాన్యం, రొట్టె తప్ప మరేమీ పెట్టకుండా ఉంచితే, ఒకప్పటి నావికులను పొట్టనబెట్టుకున్న స్కర్వీ వచ్చింది. ఆ జబ్బు తిండి లోపంతో వస్తుందని రుజువు కావడానికి ఆ ప్రయోగం దారి వేసింది. రంగురంగుల గింజల డబ్బా ఒక్కటే కొని ఊరుకునే కుటుంబం అదే ప్రయోగాన్ని సైన్సుకు ఏ ప్రయోజనమూ లేకుండా ఇంట్లో మళ్లీ చేస్తోంది. రోజూ క్యాప్సికమో, తాజా ఆకుకూరో పడాలి. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కనుక అరగదీయడానికి ఎప్పుడూ ఎండుగడ్డి ఉండాలి. జబ్బు చేస్తే ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ పనికిరాదు. పెన్సిలిన్ జాతి మందు నోట్లో పోస్తే పేగుల్లోని మేలుచేసే బ్యాక్టీరియా చచ్చి, జబ్బుకన్నా ముందు మందే ప్రాణం తీయగలదు. పశువైద్యుడి బిల్లు చూశాక ‘చవకైనది’ అనే మాట ఎవరూ మళ్లీ ఎత్తరు.

ఇక సిద్ధాంతానికి కిరీటం లాంటి వాక్యం జంతువుల షెల్టర్‌లో వినిపిస్తుంది. గడ్డిలో రెండు ప్రాణులు ఒకదాని పిరుదుకు ఒకటి ఆనుకుని పడుకుని ఉంటాయి. వచ్చినావిడ వేలు చూపి, “ఆ గోధుమరంగుది ఒక్కటి ఇవ్వండి, చాలు” అంటుంది. జంటగానే ఇస్తామని అక్కడివాళ్లు చెబితే వాదన మొదలవుతుంది. ఒక్కటైతే మాకు బాగా మాలిమి అవుతుంది కదా? మేం నలుగురం ఉన్నాం కదా? కుందేలుంది కదా?

నలుగురూ పొద్దున్నే బడికీ ఆఫీసుకూ పోతారు. కుందేలు భాష వేరు, కాలి తాపు బలం వేరు, పైగా తనకేమీ కాకుండానే గినీ పిగ్‌కు శ్వాసకోశ వ్యాధి అంటించగల బోర్డటెల్లా బ్యాక్టీరియాను మోస్తుంది. గినీ పిగ్ మందలో బతికే జంతువు. జర్మనీలో నార్బర్ట్ సాక్సర్ బృందం చేసిన ప్రయోగాల్లో, మగదాన్ని కొత్త బోనులో వదిలినప్పుడు పెరిగే ఒత్తిడి హార్మోను, జతకట్టిన ఆడది పక్కనుంటే బాగా తగ్గింది. ముక్కూమొహం తెలియని ఆడదాన్ని పెడితే తగ్గలేదు. అంటే ఏదో ఒక తోడు కాదు, ఆ తోడే కావాలి. మాలిమి అవుతుందని ఒంటికాయ సొంటికొమ్ములా ఉంచిన జంతువు మనిషి దగ్గరికి రావడం ప్రేమని గర్వపడేవారున్నారు. దానికి వేరే దిక్కేదన్నది వారికి తట్టదు.

షెల్టర్ల ప్రశ్నలకు నొచ్చుకోవడం ఇంకో ఆచారం. బోను కొలతలు, రోజూ వదిలే చోటు, సెలవుల్లో ఎవరు చూస్తారన్న సంగతి, అన్నీ అడుగుతారు. పిల్లనిచ్చే ముందు అబ్బాయి ఇల్లూవాకిలీ విచారించినట్టే ఇదీ. ఆ విచారణకు కారణం ఉంది. అక్కాచెల్లెళ్లని చెప్పి అమ్మిన జంటలో ఒకటి అన్నయ్య అని తేలడానికి పది వారాలు చాలు. పిల్లలు కళ్లు తెరుచుకునే, ఒంటినిండా బొచ్చుతోనే పుడతాయి. తల్లి ఈనిన కొన్ని గంటల్లోనే మళ్లీ చూలు కట్టగలదు. మగపిల్లలను మూడు వారాల వయసుకే వేరు చేయాల్సి వస్తుంది. రెండు ప్రాణులు అట్టపెట్టెలో కొని తెచ్చిన ఇల్లు, ఆరేడింటిని అదే పెట్టెలో షెల్టర్‌కు మోసుకొస్తుంది.

ఒక్కటా, జంటా అన్న వాదనకు స్విట్జర్లాండ్ చట్టంతో ముగింపు పలికింది. 2008 నాటి జంతు సంరక్షణ నిబంధనల ప్రకారం అక్కడ గినీ పిగ్‌ను ఒంటరిగా పెంచడం కుదరదు. అయితే జంటలో ఒకటి పోతే, మిగిలినదానికి తోడు తేవాలి, ఆ తోడు మిగిలితే దానికి ఇంకో తోడు, ఇలా యజమాని మనవల కాలం దాకా సాగే ప్రమాదం ఏర్పడింది. అందుకు విరుగుడుగా తోడును అద్దెకిచ్చే సేవ పుట్టింది. ముసలిది కాలం చేశాక అద్దెది తిరిగి వెళ్లిపోతుంది. నవ్వొచ్చే ఏర్పాటే అయినా, లెక్క సరిపోతుంది.

బ్రిటన్‌లో అంత సూటి నిబంధన లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లకు వర్తించే 2006 నాటి జంతు సంక్షేమ చట్టం మాత్రం, జంతువుకు తోటి జంతువులతో కలిసి ఉండే అవసరముంటే తీర్చే పూచీ యజమానిదే అంటుంది. అక్కడ జంటలో ఒకటి పోతే, మిగిలినదాన్ని బోనుతో సహా షెల్టర్‌కు తీసుకెళ్లి, ఒంటరిగా ఉన్నవాటిలో దేనితో పొసగుతుందో చూసే వీలుంది. కొన్నింటిని అది తరిమికొడుతుంది, ఒకదాని పక్కన గడ్డి నములుతుంది. ఇంటికొచ్చేది అదే, రంగు ఏదైనా సరే.