గడ్డం గీసుకోవచ్చు, ఫోన్ మాత్రం కట్టేయాలి

అమెరికా విమానయాన నిబంధనల్లో 91.21 అని ఒకటుంది. విమానమెక్కినవాళ్లు ఎలక్ట్రానిక్ సామాన్లు వాడరాదని చెప్పేది అదే. పేరు పెట్టి మరీ మినహాయించినవి నాలుగు: చెవిటి మిషను, గుండెకు అమర్చిన పేస్‌మేకరు, మాటలు రికార్డు చేసుకునే పెట్టె, ఎలక్ట్రిక్ షేవరు. మొదటి రెండింటి సంగతి సరే. పేస్‌మేకరు కాసేపు ఆపుకోండి సార్ అని ఎయిర్‌హోస్టెస్ అడగలేదు. కానీ షేవరేమిటి? ఇది రాసిన రోజుల్లో విమానాలెక్కేవాళ్లలో ఎక్కువమంది సూటేసుకున్న దొరబాబులు. దిగీ దిగగానే మీటింగు. విమానం దారి తప్పినా ఫర్వాలేదు గానీ అయ్యగారి గడ్డం మాసి ఉండకూడదని ఎవరో పెద్దమనిషి పట్టుబట్టి రాయించాడని నా అనుమానం. ఆ షేవరు ఇప్పటికీ నిబంధనలో గుయ్యిమంటూనే ఉంది.

ఈ నిషేధం పుట్టింది 1960లలో, సెల్‌ఫోన్ అనే మాటే లేని కాలంలో. అప్పటి ముద్దాయి చేతిలో పట్టే ఎఫ్ఎం రేడియో. అది పాటలు పట్టుకోవడమే కాదు, తన లోపల్నుంచి సన్నగా తరంగాలు వదులుతుంది కూడా. అవి పోయి పడేది సరిగ్గా 108 నుంచి 118 మెగాహెర్ట్జ్ మధ్య, పైలటుకు దారి చూపించే సంకేతాలు నడిచే చోట. కాబట్టి ఆ తీర్పులో న్యాయముంది.

సెల్‌ఫోన్ కేసు వేరు. 1991లో దాన్ని గాల్లో వాడొద్దన్నది విమానాలవాళ్లు కాదు, అక్కడి టెలికాం సంస్థ ఎఫ్‌సీసీ. నేల మీదున్న ఫోనుకు చుట్టుపక్కల నాలుగు టవర్లు దొరుకుతాయి. పైకెక్కితే ఊళ్లకు ఊళ్ల టవర్లన్నీ ఒక్కసారే కనిపిస్తాయి. అన్నింటినీ పలకరిస్తుంది. టవర్లకు పిచ్చెక్కుతుంది. మన ప్రాణాల కోసమే అనుకుని దేవుడికి దణ్ణం పెట్టుకుని మరీ ఫోన్ కట్టేసిన మనం, కింద ఫోన్ కంపెనీవాళ్లకు తలనొప్పి రాకుండా కాపాడామన్నమాట.

పైలటుకు ఇబ్బందే లేదని అనను. పాత ఫోన్లు టీవీ పక్కన పెడితే, రింగవడానికి ముందే స్పీకరులో టకటక టకటక అని ఒక చప్పుడొచ్చేది గుర్తుందా? కంట్రోల్ టవరువాళ్లు రన్‌వే నంబరు చెబుతున్నప్పుడు అదే చప్పుడు హెడ్‌ఫోన్లో మోగితే ఎవరికైనా చిరాకే. చిరాకు వేరు, కూలిపోవడం వేరు. ఫలానా పెద్ద విమానం ప్రయాణికుడి ఫోన్ వల్లే కూలిందని ఖాయంగా తేల్చిన కేసు ఒక్కటీ లేదు. 2003లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ దగ్గర ఒక చిన్న విమానం కూలినప్పుడు దర్యాప్తు అధికారులు ఫోనును కొంత అనుమానించారు. ఆ ఫోన్ పైలటుదే.

పైలటు అనుకున్నాం కదా, 2011 డిసెంబరుకు రండి. లాస్ ఏంజెలెస్‌లో హాలీవుడ్ నటుడు అలెక్ బాల్డ్విన్ అమెరికన్ ఎయిర్‌లైన్స్ విమానంలో కూర్చుని ఫోన్‌లో పదాల ఆట ఆడుతున్నాడు. కట్టేయమన్నారు, కట్టలేదు, దింపేశారు. సరిగ్గా అదే నెలలో అదే కంపెనీ పైలట్లకు ఒక వరం దక్కింది: కిలోల కొద్దీ కాగితాల మ్యాపుల బదులు కాక్‌పిట్‌లో ఐప్యాడ్ వాడుకోండి, పైకి లేస్తున్నప్పుడూ దిగుతున్నప్పుడూ కూడా. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అన్నారు మనవాళ్లు. ఇరవై వరసల వెనక ఉన్న ఫోన్ విమానాన్ని ముంచుతుందట, పరికరాల ముక్కు కిందే ఉన్న ఐప్యాడ్ తేలుస్తుందట. 2015లో ఆ ఐప్యాడ్లలోని యాప్ మొరాయించి ఆ కంపెనీ విమానాలు బోలెడు ఆలస్యమయ్యాయి. దాన్ని ఎవరూ దింపలేదు.

చివరికి 2013 అక్టోబరులో అమెరికా, 2014 ఏప్రిల్లో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకుంటే ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా వాడుకోవచ్చని ఒప్పుకున్నాయి. యాభై ఏళ్ల భయం ఒక సర్క్యులరుతో తీరింది.

మధ్యలో 2017 మార్చి ముచ్చట ఒకటి చెప్పాలి. దుబాయ్, అబుదాబి, దోహా లాంటి పది విమానాశ్రయాల నుంచి అమెరికా వచ్చేవాళ్లు ఫోన్ కంటే పెద్ద పరికరమేదీ చేతిలో ఉంచుకోరాదని ట్రంప్ ప్రభుత్వం హుకుం. ల్యాప్‌టాప్‌లో బాంబు పెడతారేమోనని భయం. ఆ దారులు ఎవరివి? హైదరాబాద్ నుంచి అమెరికా పోయే మన సాఫ్ట్‌వేర్ పిల్లలవి. కంపెనీవాళ్లు ప్రాణంలా చూసుకోమన్న ల్యాప్‌టాప్ పోయి చెక్ఇన్ పెట్టెలో ఆవకాయ సీసా పక్కన పడుకుంది. అమ్మ ఎన్ని కవర్లు చుట్టినా ఆవకాయ నూనె సంగతి మనకు తెలియనిదా? అయితేనేం, దుబాయ్ నుంచి న్యూయార్క్ దాకా పద్నాలుగు గంటల పాటు మేనేజరు ఏమీ అడగలేడు. అమెరికా ప్రభుత్వం స్వయంగా రాసిచ్చిన సెలవు చీటీ. జూలైలో నిషేధం ఎత్తేశారు, సెలవూ పోయింది.

ఈ గొడవలో అసలు కిటుకు మరొకటి. బాంబు నిపుణులు బ్యాటరీలను కింద సరుకుల గదిలో పడేయమంటే, అగ్గి నిపుణులు వద్దు మొర్రో, పైనే ఉంచండి, మండితే కనీసం ఎవరో ఒకరు చూస్తారు అన్నారు. అగ్గివాళ్ల మాటే నిజమైంది. 2025 జనవరిలో దక్షిణ కొరియాలోని బుసాన్‌లో ఇంకా లేవని విమానంలో, తల మీది సామాన్ల అరలో మంటలు లేచాయి. లోపలున్న 176 మందీ బయటపడ్డారు, విమానం కాలిపోయింది. వేళ్లన్నీ పవర్ బ్యాంక్ వైపే చూపించాయి. అదే ఏడు అక్టోబరులో ఢిల్లీలో దిమాపూర్ విమానం రన్‌వే వైపు కదులుతుండగా ఒకాయన పవర్ బ్యాంక్ అంటుకుంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2025 ఏప్రిల్ 1 నుంచి గాల్లో దాని వాడకమే మాన్పించింది. నిజంగా నిప్పు పెట్టేది ఇది. దీని గురించి చెబుతుంటే మాత్రం ఒక్కడూ తల ఎత్తడు. అందరూ రీల్స్‌లో ఉంటారు.

రీల్స్ అన్నాను గనక, ఇయర్‌ఫోన్లు పెట్టుకోకుండా చూసే మహానుభావుల విషయం. ఎవరో పడిపోతారు, వెనక నుంచి నవ్వు. మళ్లీ పడతారు, మళ్లీ అదే నవ్వు. బొటనవేలు కదిలితే సగం పాట, ఇంకోసారి కదిలితే బంగారం కొట్టు ప్రకటన. తరంగాలు కాక్‌పిట్ దాకా పోతాయా అని యాభై ఏళ్లు కొలిచిన శాస్త్రవేత్తల్లో ఒక్కరైనా ఈ మోత పక్క సీటు దాకా పోతోందా అని కొలిచారా? 2017లో మన ప్రభుత్వం గొడవచేసే ప్రయాణికులను మూడు తరగతులు చేసింది: నోటిదురుసుకు మూడు నెలల నిషేధం, చెయ్యి చేసుకుంటే ఆరు నెలలు, ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్లు, ఆ పైన. స్పీకరు పెట్టి రీల్స్ చూసేవాణ్ని రెండుకూ మూడుకూ మధ్య ఎక్కడో కూర్చోబెట్టాలని నా మనవి.

ఇక శంషాబాద్‌లో చక్రాలు నేలను తాకిన క్షణం చూడండి. బెల్టు దీపం ఆరలేదు, ఫోన్లన్నీ లేచాయి. “ఒరే చిన్నా, దిగిపోయా. లేదు, ఇంకా లోపలే ఉన్నా. తలుపు తియ్యలేదు. కారు పార్కింగ్‌లో పెట్టకు, డబ్బులు లాగేస్తారు, ఒక రౌండు కొట్టు. ఆ? ఎవడితో గొడవ? వాడి మొహం, నేనొచ్చి మాట్లాడతా ఆగు.” మూడు వరసల్లో అందరికీ ఆ ‘వాడు’ ఎవడో తెలుసుకోవాలనుంది. అంతలో తలుపు తీసేస్తారు.

ఇదంతా నేల మీద. గాల్లోనూ మాట్లాడుకోనిద్దామని 2013లో ఎఫ్‌సీసీయే ప్రతిపాదిస్తే అమెరికా జనం గగ్గోలెత్తారు. 2018లో అక్కడి కాంగ్రెస్ ప్రయాణికుల ఫోన్ మాటలను ఆపించమని చట్టంలోనే రాసింది. 2020లో ఎఫ్‌సీసీ తన ప్రతిపాదనను అటకెక్కించింది. ఈసారి ఎక్కువమంది గోల విమానానికి ప్రమాదమని కాదు, పక్కవాడి సోది భరించలేమనే. మనం 2018లోనే ఉదారంగా నిబంధనలు రాసుకున్నాం: 3,000 మీటర్లు దాటాక ఇంటర్నెట్టూ సరే, మాటలూ సరే. ఇంటర్నెట్ 2025 జనవరిలో ఎయిరిండియా దేశీయ విమానాల్లో కొన్నింటికి వచ్చింది. మాటలు ఇంకా రాలేదు.

వచ్చేలోగా విమాన కంపెనీలకు ఒక వ్యాపార చిట్కా. సీటు ఎంచుకునే చోట కిటికీ పక్క, నడవ పక్క అని గడులు పెట్టి డబ్బులు లాగుతున్నారు కదా. ఇంకో గడి పెట్టండి: ‘ఫోన్ మాటలు లేని వరస’, అదనంగా 500 రూపాయలు. దాని పక్కనే ‘చిన్నాతో మాట్లాడాలి’, 1,000 రూపాయలు. రెండోదే ముందు అమ్ముడవుతుంది.