చేవగల పాటలు

‘పుష్ప’ సినిమా పాటలారా, మీకు దండం. మేడ్చల్ రోడ్డులోనైనా శామీర్‌పేట దారిలోనైనా, ఫంక్షన్ హాలు ముందు బరాత్ కదిలిందంటే డీజే బండి మిమ్మల్ని మరిచిపోదు. షేర్వానీ తొడుక్కున్న పెళ్లికొడుకు చెప్పు వదిలేసి, కాలీడుస్తూ ‘శ్రీవల్లి’ అడుగు వేస్తాడు. మేనత్తలు కొంగు నోటికడ్డం పెట్టుకుని మురిసిపోతారు. అది ఎర్రచందనం దొంగ నడక అని ఒక్కరికీ గుర్తు రానివ్వని శక్తి మీది.

మా మేడ్చల్ జిల్లాలోనే ఉన్న ఉప్పల్ మైదానంలో సన్‌రైజర్స్‌కు ఆడిన ఆస్ట్రేలియా బ్యాటర్ డేవిడ్ వార్నర్ కూడా ఆ అడుగు వేసి చూపించాడు. మన భాష రానివాడి కాలికే అంత ఊపు తెచ్చారు, ఇక మావాళ్ల సంగతి చెప్పాలా?

దేవిశ్రీ ప్రసాద్ దరువు, చంద్రబోస్ మాట. 2021 సినిమాలకిచ్చిన జాతీయ అవార్డుల్లో పాటల సంగీతానికి బహుమతి మీకే దక్కింది. దక్కాల్సిందే. ‘దాక్కో దాక్కో మేక’ ఒక్కటి చాలు మీ తెలివి చెప్పడానికి. ఒక ప్రాణి మరో ప్రాణికి తిండి అన్న అడవి న్యాయాన్ని తెచ్చి స్మగ్లర్ చేతిలో పెట్టారు. అడవిని నరికేవాడి తరఫున అడవి చేతే వాదన చెప్పించారు! ఇక ‘ఊ అంటావా’లో మగాడి చూపును కడిగేస్తూనే అదే చూపుకు విందు పెట్టారు. రెండూ ఒకే పాటలో చేయడం మీకే చెల్లింది.

ఎర్రచందనానికి చేవ పట్టాలంటే దశాబ్దాలు కావాలి. మీ పల్లవి పిల్లల నోట పట్టడానికి ఒక్క పూట చాలు.

2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో, ఎర్రచందనం నరికే కూలీలంటూ 20 మందిని టాస్క్‌ఫోర్స్ కాల్చి చంపింది. తమిళనాడు పల్లెల పేదలు వాళ్లు. వాళ్ల ఇళ్లలో రేగిన ఏడుపు మీ ఐదు పాటల్లో ఎక్కడా వినిపించదు. దరువు అంత నిండుగా పట్టింది, మధ్యలో ఒక్క గొంతుకైనా సందు లేదు. కథానాయకుడు కూలీగా మొదలైనవాడే. అయినా చచ్చిన కూలీ వైపు నుంచి ఒక్క చరణం లేదు.

ఈ పొగడ్తలో ఒక్క మాట అబద్ధం కాదు. మీరు నాసిరకం పాటలైతే నాకింత బాధ ఉండేది కాదు, నాలుగు రోజుల్లో జనమే మరిచిపోయేవాళ్లు. ఇంత బాగున్నారు కాబట్టే భయం.

శామీర్‌పేటలో ఒక బరాత్‌లో, తండ్రి భుజమెక్కి ఊగుతున్న మా మేనల్లుణ్ణి అడిగాను: ‘‘పుష్ప ఏం పని చేస్తడురా?’’

‘‘డాన్స్ చేస్తడు మామా.’’

‘‘చెట్లు నరుకుతడు కదా?’’

‘‘ఏ చెట్లు?’’ అన్నాడు వాడు.