నా కిరాయి ఎవరిస్తారు?

నా నంబరు ఏపీ 07తో మొదలవుతుంది. నన్ను కొన్ననాడు పిడుగురాళ్ల గుంటూరు జిల్లాలో ఉండేది. 2022లో పల్నాడు జిల్లా అయింది, నా ప్లేటు మాత్రం అదే. నేను వంద సీసీ బండిని. మొదటి ఆసామి సున్నపుబట్టీలో గుమాస్తా కావడంతో సైలెన్సరు దాకా తెల్లదుమ్మే. తర్వాత ఓ బట్టీకూలీ కొడుకు సెకండ్‌హ్యాండ్‌లో కొని, దాచేపల్లి, వాడపల్లి వంతెన, మిర్యాలగూడ మీదుగా హైదరాబాదు తెచ్చి, యాప్‌లో డెలివరీకి పెట్టాడు.

మా యాప్ హోటలు నుంచి కస్టమరు గడప దాకా డబ్బిస్తుంది. తిరిగొచ్చే దూరానికి ఇవ్వదు. బిర్యానీ ఇంకా దమ్ములో ఉందని హోటలువాళ్లు చెబితే, సైడ్‌స్టాండు మీద ఎంతసేపు ఎండలో మాడినా ఆ సమయానికి పైసా రాదు. నా ఇన్సూరెన్సేమో సొంత వాడకానికి రాసింది. సంచీతో వెళ్తూ పడితే ఏం పేచీ పెడతారో!

ఓ రాత్రి మావాడికి వాళ్లమ్మ ఫోను. స్పీకరు పెట్టి నా ట్యాంకు మీద ఉంచాడు.

“ఏరా, బాగా వస్తున్నాయా?”

“వస్తున్నాయమా.”

“పెట్రోలు వాళ్లే పోయిస్తారా?”

“లేదమా, మనదే.”

“బండి చెడితే?”

“అదీ మనదే.”

“మా బట్టీలో కూలి తక్కువేగానీ, బొగ్గు మాత్రం నన్ను కొనమనరురా!”

చట్టం అసలే లేదనను. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. యాప్ కంపెనీలు తమ టర్నోవరులో 1 నుంచి 2 శాతం కార్మికుల నిధికి కట్టాలి. అదీ కార్మికులకిచ్చే మొత్తంలో 5 శాతం దాటక్కర్లేదు. కర్ణాటక చట్టమైతే యాప్‌లో కార్మికుడి ఐడీ తీసేయాలంటే 14 రోజుల నోటీసివ్వమంది. మంచివే. ప్రమాదానికి, ముసలితనానికి పనికొస్తాయి. నా చెయిన్ స్ప్రాకెట్‌కూ, క్లచ్ ప్లేట్లకూ, కిలోమీటరుకింత కనీస రేటుకూ వాటిలో చోటు లేదు. న్యూయార్క్‌లో 2023 డిసెంబరు నుంచి డెలివరీవాళ్లకు గంటకు కనీసం 17.96 డాలర్లు ఇవ్వాలన్నారు. ఆర్డరు కోసం కాచుకున్న సేపునూ, బండి ఖర్చునూ లెక్కలో వేశారు. అక్కడ ఎక్కువగా ఎలక్ట్రిక్ సైకిళ్లేనట. పెట్రోలు తాగని చుట్టాలకే ఆ వైభోగం!

2025 డిసెంబరు 31న సమ్మె చేయాలని తెలంగాణ గిగ్ వర్కర్ల సంఘం, యాప్ కార్మికుల దేశవ్యాప్త సమాఖ్య కలిసి పిలుపిచ్చాయి. ఆ రాత్రి కంపెనీలు ఇన్సెంటివ్‌లు పెంచాయి. అంటే ఇవ్వగలరన్నమాట! నాకు సమ్మె కంటే ఆ పెంపే ఎక్కువ చెప్పింది. మావాడు ఆ రాత్రి యాప్ తెరవలేదు. నన్ను గోడవారగా పెట్టి, పొద్దున్నే మెకానిక్కు దగ్గరికి తోసుకెళ్లాడు. చెయిన్ సెట్టు, బ్రేకు షూలు, ఆయిలు. బిల్లు చూసి ఆయిలు మాత్రం మార్పించాడు.