లారీ బల్బు

శామీర్‌పేట దాటాక మా మిత్రుడికి జెర్బెరా పూల పాలీహౌస్ ఉంది. డ్రిప్ వాల్వుల కాయిళ్లు 24 వోల్టుల ఏసీతో నడుస్తాయి. పాత రిలేల కాంటాక్టులు మాటిమాటికీ మాడిపోతుంటే సాలిడ్ స్టేట్ రిలేలు పెట్టించాడు. వాటిలో కదిలే భాగం లేదు, చప్పుడు లేదు, అరుగుదల లేదు.

ఓసారి మూడో వాల్వు తెరుచుకోలేదు. మిత్రుడి మేనల్లుడు ఇంజినీరింగ్ చదివాడు. కాయిల్ వైర్లు ఊడదీసి మల్టీమీటర్ పెడితే, రిలే ఆఫ్‌లో ఉన్నా దాదాపు 24 చూపించింది. "రిలే పోయింది మామయ్యా" అని తేల్చేశాడు.

మేడ్చల్ నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ ఒప్పుకోలేదు. సంచిలోంచి 24 వోల్టుల లారీ బల్బు తీసి కాయిల్ స్థానంలో కలిపాడు. ఆన్ చేస్తే వెలిగింది. ఆఫ్ చేస్తే పూర్తిగా ఆరింది.

"రిలే మంచిగనే ఉందన్నా. ఆఫ్ చేసినా లోపలి స్నబ్బర్ నుంచి జరంత కరెంటు లీకైతది. మీటరుకు అదే ఎక్కువ, బల్బుకు సరిపోదు. కాలింది మీ కాయిల్."

కొత్త కాయిల్ వేశాక ఆ బల్బును దానికి ప్యారలల్‌గా కలిపి, కాపలా తాత గుడిసెకు ఎదురుగా స్తంభానికి కట్టాడు. "ఎలిగితే నీళ్లు పోతున్నట్టు, ఆరితే బందయినట్టు. గంతే తాతా." చదువు రాని మనిషికి అంతకన్నా నమ్మకమైన మీటరు ఎవరివ్వగలరు?

తర్వాత మేనల్లుడు ఫోన్‌లో యాప్ పెట్టాడు. ఇక బల్బు దండగ లోడని దాని వైరును బాక్సు దగ్గరే పీకేశాడు. బల్బు మాత్రం స్తంభానికే ఉండిపోయింది.

జూన్‌లో ఒక రాత్రి పిడుగులు పడ్డాయి. తోటంతా పరిచిన వైర్ల వెంట వచ్చిన సర్జ్‌కు మూడో రిలే షార్టయింది. ఈ రిలేలు పోతే చాలావరకు ఆన్‌లోనే బిగుసుకుపోతాయి. యాప్‌కు తెలిసింది తానిచ్చిన ఆదేశమే కాబట్టి అది 'ఆఫ్' అనే చూపిస్తూ వచ్చింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు. బోరు మోటారు ఆగలేదు. తెల్లారేసరికి ఆ వాల్వు కింది బెడ్లన్నీ బురద. జెర్బెరా మొక్కల మొదళ్లలో తడి నిలిస్తే కుళ్లు పట్టుకుంటుంది.

"రాత్రంతా నీళ్లు పోతుంటే ఏం చేస్తున్నవ్ తాతా?" మిత్రుడు గట్టిగా అరిచాడు.

"వానలనే మూడుసార్లు లేచి చూసిన పటేలా. బల్బు ఎలుగుతలేదు గదా... నీళ్లు బందయినయనుకున్న."